పాచిలో నూనె ఎంత?

కొవ్వు కొలిచే ల్యాబు ప్రపంచంలో ఎక్కడున్నా అక్కడ వినపడే రెండు పేర్లు బ్లై, డయర్. వాళ్ల పద్ధతి పుట్టింది నేనుండే ఊళ్లోనే, కెనడా తూర్పు కొసన ఉన్న హాలిఫాక్స్‌లో. అప్పట్లో ఇక్కడ ఫిషరీస్ రీసెర్చ్ బోర్డు వాళ్ల ల్యాబు ఉండేది. ఫ్రీజర్‌లో పెట్టిన చేప ఎందుకు పాడవుతోందో చూసే పనిలో, చేప కండలోంచి కొవ్వుని త్వరగా లాగే దారి వీళ్లకి దొరికింది. 1959లో అచ్చయిన ఆ పేపరు ఏడు పేజీలే. పనంతా 10 నిమిషాల్లో తెమిలిపోతుందని అందులోనే రాశారు. పాచితో చేసేవాళ్లు ఆ వాక్యం చదివి నవ్వుకుంటారు.

నాది పాచి ఉద్యోగం. సముద్రపు నీళ్లలో పెరిగే, కంటికి విడిగా కనపడని పాచిని ట్యాంకుల్లో పెంచి, అందులోని ఒమేగా-3 నూనెని చేపల మేతకి అమ్మాలని చూస్తున్న చిన్న సంస్థలో ల్యాబ్ టెక్నీషియన్ని. అమ్మకి చెబితే, "పాచి గీకడానికి అంత దూరం పోవాలట్రా, మన నీళ్ల తొట్టికి ఏం తక్కువ?" అంది. నిజానికి ఈ పాచి నాకు పరిచయమైంది చీరాల పక్కన రొయ్యల హేచరీలోనే. గుడ్డులోంచి వచ్చిన కొద్దిరోజులకే వచ్చే జోయియా దశలో రొయ్య పిల్ల తినేది కీటోసెరాస్ లాంటి పాచినే కదా. రాత్రి డ్యూటీలో మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెట్టి, మిల్లీలీటరుకి ఇన్ని లక్షలని బోర్డు మీద రాసేవాళ్లం. అందులో కొవ్వెంత అని అడిగిన మనిషి లేడు. పిల్ల బతికితే మేత మంచిది, చస్తే నీళ్లు బాగోలేదు. అంతటితో సరి.

ఇక్కడ మొదటి రోజు నుంచీ అడిగేది అదొక్కటే. నూనె ఎంత?

చెప్పాలంటే ముందు పాచిని నీళ్లలోంచి తీసి, కడిగి, ఫ్రీజ్ డ్రయర్‌లో ఎండబెట్టాలి. కడగడంలోనే సగం గొడవ ఉంది. సముద్రపు పాచికి ఉప్పు పట్టుకుని ఉంటుంది. ఉప్పు పోకపోతే అదీ పొడి బరువులో కలిసి, కొవ్వు శాతం ఉన్నదానికన్నా తక్కువ పడుతుంది. అలాగని మంచినీళ్లతో కడిగితే కొన్ని రకాల కణాలు పగిలి లోపలి సరుకంతా నీళ్లపాలు. అందుకని అమ్మోనియం ఫార్మేట్ కలిపిన నీళ్లతో కడుగుతాం. ఎండబెట్టేటప్పుడు అది తనంతట తనే ఎగిరిపోతుంది.

ఎండిన ఆకుపచ్చ పొడిని కొన్ని మిల్లీగ్రాములు గాజు గొట్టంలోకి తూచి, క్లోరోఫామ్ 1 వంతు, మెథనాల్ 2 వంతులు, నీళ్లు 0.8 వంతు పోస్తాం. ఈ నీళ్లెందుకో చాలామంది కొత్తవాళ్లకి అర్థం కాదు. బ్లై, డయర్ చేసింది పచ్చి చేపతో. చేప కండలో నూటికి 80 వంతులు నీళ్లే. మన పొడిలో ఆ నీళ్లు లేవు కాబట్టి మనం పోయాలి. తర్వాత చిన్న చిన్న జిర్కోనియా పూసలు వేసి మెషీన్‌లో గిలకొట్టాలి. చేప కండకి మిక్సీ చాలు. నానోక్లోరాప్సిస్ లాంటి పాచికి గోడ ఎంత గట్టిదంటే, సరిగా పగలకపోతే సగం నూనె లోపలే ఉండిపోతుంది. ఆపైన ఇంకాస్త క్లోరోఫామ్, ఇంకాస్త నీళ్లు పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే గొట్టంలో రెండు పొరలు తేరతాయి. పైన మెథనాల్ నీళ్లు, కింద ముదురాకుపచ్చగా క్లోరోఫామ్, మధ్యలో బిళ్లలాగా పిప్పి. మనకి కావలసింది కింది పొర. పిప్పెట్ పై పొరలోంచి దిగేటప్పుడు కొసలోంచి బుడగలు మెల్లగా వదులుతూ దింపాలి, లేకపోతే పై నీళ్లు లోపలికొచ్చేస్తాయి. ఈ చెయ్యి తిరగడానికి నాకు ఒక చలికాలం పట్టింది.

క్లోరోఫామ్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది కాబట్టి గొట్టాలన్నీ గాజువే, మూతలకి లోపల టెఫ్లాన్. మామూలు నైట్రైల్ గ్లౌజుల్లోంచి చూస్తుండగానే దిగిపోతుంది, చుక్క పడితే వెంటనే తీసి పారెయ్యాలి. వాడేసిన క్లోరోఫామ్‌కి విడిగా డబ్బా, దాని మీద లేబులు, తేదీ. సింకులో పోయడం మాట అటుంచి, మూత తీసి ఉంచినా సేఫ్టీ వాళ్లు వచ్చి మర్యాదగా, నవ్వుతూ, చీటీ రాసి వెళ్తారు. ఈ ఊళ్లో ఎవరూ గొంతు పెంచరు. మొదట్లో నాకు అది తిట్టో మెచ్చుకోలో తెలిసేది కాదు.

క్లోరోఫామ్‌ని నైట్రోజన్ గాలితో ఆరబెడితే గాజు సీసా అడుగున జిగురుగా ఆకుపచ్చ మరక మిగులుతుంది. సీసా ఖాళీ బరువు తీసేస్తే మిగిలినదే కొవ్వు. ఇక్కడ చలికాలం మొదలైతే కొత్త తంటా. బయట మంచు, లోపల హీటర్లు, గాలి బాగా పొడిబారుతుంది. సీసాకి స్టాటిక్ పట్టి త్రాసు మీద అంకె నిలబడదు, పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది. సీసాని చేత్తో ముట్టుకోకూడదు కూడా, పట్టకారుతోనే పట్టుకోవాలి. మన వేలికున్న జిడ్డూ కొవ్వే మరి, అదీ తూకంలోకి వస్తుంది.

అయితే అసలు పేచీ ఆ ఆకుపచ్చ దగ్గర వస్తుంది. నూనెకి అంత రంగు ఉండదు. క్లోరోఫామ్‌లో కరిగిందల్లా కిందికి దిగుతుంది, క్లోరోఫిల్, కెరొటినాయిడ్లు అన్నీ. త్రాసుకి తేడా తెలియదు. అందుకని రెండో పద్ధతి ఉంది. పొడిని ఆమ్లం కలిపిన మెథనాల్‌లో వేడిచేసి, కొవ్వు ఆమ్లాలని మిథైల్ ఎస్టర్లుగా మార్చి, గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌లోకి ఎక్కించడం. దీన్ని మేం 'ఫేమ్' అంటాం. అక్కడ ఒక్కో కొవ్వు ఆమ్లం ఒక్కో శిఖరంగా విడివిడిగా లేస్తుంది. పామిటిక్ ముందొస్తుంది, ఒమేగా-3 రకాలైన ఈపీఏ, డీహెచ్ఏ ఆలస్యంగా వస్తాయి. శిఖరాలన్నీ కూడితే నిజంగా నూనెగా అమ్ముకోగలిగింది ఎంతో తేలుతుంది. తూకంలో 30 శాతం దాటిన నమూనా ఇక్కడ 20 కిందికి రావడం నేను చూశాను. పాచి అదే, సీసా అదే.

పోనీ తూకం ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుందా అంటే అదీ కాదు. 2001లో ఇదే ఊళ్లోని డల్హౌసీ యూనివర్సిటీలో సారా ఐవర్సన్, ఆమె తోటివాళ్లు బ్లై-డయర్ పద్ధతిని అంతకు ముందరి ఫోల్చ్ పద్ధతి పక్కన పెట్టి చూశారు. కొవ్వు 2 శాతం దాటిన చేపల్లో బ్లై-డయర్ తక్కువ చూపిస్తోందని, బాగా కొవ్వున్న వాటిలో సగం దాకా వదిలేస్తోందని తేల్చారు. కారణం పెద్ద రహస్యమేం కాదు. బ్లై, డయర్ పద్ధతి కట్టింది కాడ్ అనే సముద్రపు చేప మీద. కాడ్ కండలో కొవ్వు 1 శాతం కూడా ఉండదు, దానికి కొంచెం ద్రావకం చాలు. 1957లో ఫోల్చ్, మెదడులోని కొవ్వు తీయడం కోసం చేసిన పద్ధతిలో నమూనాకి 20 వంతుల ద్రావకం పోస్తారు. కాడ్‌కి కుట్టిన చొక్కా కొవ్వు పట్టిన సాల్మన్ చేపకి తొడిగితే ఎలా పడుతుంది?

ఇదంతా తెలిసినవాళ్లకి కొత్త కాదు. తెలిసినా, పెట్టుబడి పెట్టేవాళ్లకి చూపించే స్లైడు మీదకి ఎప్పుడూ పెద్ద అంకే ఎక్కుతుంది. మా ఊళ్లో పాలకేంద్రంలో వెన్న శాతాన్ని బట్టే నాన్నకి డబ్బులు. శాతం తగ్గిందంటే టెస్టరు మీద గొడవకి దిగేవాళ్లు. ఇక్కడ అమ్మేవాడూ మనమే, కొలిచేవాడూ మనమే. గొడవకి దిగేవాడు లేడు.

ఒక శుక్రవారం మేనేజరు నా దగ్గరికి వచ్చి, రిపోర్టులో ఫేమ్ వరస తీసేసి తూకం వరస ఒక్కటే ఉంచమన్నాడు. చెడ్డవాడేం కాదు. "అందరూ అదే అంకె చెబుతారు, మనం చిన్నది చెబితే మన పాచి చిన్నబోతుంది" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు కూడా. కానీ నా వర్క్ పర్మిట్ మీద ఆ సంస్థ పేరు అచ్చయి ఉంది. ఇక్కడే స్థిరపడడానికి పెట్టుకున్న పీఆర్ ఫైలుకి ఆధారం ఆ ఉద్యోగమే. ఇక్కడి పిల్లాడయితే "అది కుదరదండీ" అని చెప్పి ఇంటికెళ్లి హాకీ చూసుకుంటాడు. నేను రెండు రోజులు అన్నం మీద ధ్యాస లేకుండా తిరిగాను. పరాయి దేశంలో చిన్న నిజం చెప్పడానికి కూడా ముందు వీసా తేదీ చూసుకోవాల్సి వస్తుంది.

మా ల్యాబులో పెద్దావిడ, కెనడాలోనే చేపల వేటకి పేరున్న న్యూఫౌండ్‌లాండ్ దీవి మనిషి. అరవైకి దగ్గర పడింది, అయినా పేరు పెట్టి పిలవమంటుంది. నాకేమో ఇప్పటికీ నోరు రాదు. సోమవారం ఆవిడకి చెప్పాను. ఆవిడ నా ఊరి సంగతి అడగలేదు, వాళ్ల నాన్న సంగతి చెప్పింది. ఆయన కాడ్ పట్టేవాడు. 1980ల్లో సముద్రంలో కాడ్ ఎంతుందో ప్రభుత్వం వేసిన అంచనాలు ఉన్నదానికన్నా బాగా ఎక్కువ. పెద్ద ట్రాలర్లకి చేప బాగానే పడుతోంది కాబట్టి సముద్రం నిండా ఉందనుకున్నారు. చేప ఎక్కడ గుంపుగా చేరిందో అక్కడికే ట్రాలర్లు వెళ్తున్నాయన్నది లెక్కలోకి సరిగా రాలేదు. ఒడ్డు దగ్గర వల వేసేవాళ్లు చేప తగ్గిందని మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. 1992 జులై 2న కాడ్ వేట ఆపేశారు. సుమారు 30,000 మందికి పని పోయింది. "మా నాన్న పడవ ఒడ్డెక్కింది తుఫానుకి కాదు, ఎక్కువేసిన అంకెకి" అని, నా నోట్‌బుక్ లాక్కుని రెండు వరసల కిందా తన పొడి అక్షరాలు పెట్టింది. ఒక్కో వరస నెత్తిన పద్ధతి పేరు పెద్దక్షరాల్లో రాయించింది. రిపోర్టు అలాగే వెళ్లింది. స్లైడు మీద మటుకు పెద్ద అంకే పడింది, అది మా చేతిలో లేనిది.

కొన్నాళ్లకి మేత కంపెనీవాళ్లు నమూనా తెప్పించుకుని సొంతంగా ఫేమ్ చేయించుకున్నారు. వాళ్లకి వచ్చింది మా చిన్న అంకెకి దగ్గరగానే వచ్చింది. అప్పటినుంచి మేనేజరు రెండు వరసలూ అడిగి మరీ వేయిస్తున్నాడు.

శాతం పెంచే ఉపాయాలు లేకపోలేదు. నత్రజని ఆపేస్తే పాచి కొవ్వు కూడబెడుతుంది. కానీ పెరగడం మానేస్తుంది. శాతం పెరిగి, ట్యాంకులో పాచి తగ్గి, చివరికి చేతికొచ్చే నూనె పెరగదు. అమెరికా వాళ్లు 1978 నుంచి 1996 దాకా పాచి నూనె మీద నడిపిన ప్రభుత్వ కార్యక్రమంలోనూ ఇదే చూశారు. అందుకే ఎవరైనా శాతం ఒక్కటే చెబితే, లీటరుకి రోజుకి ఎంత అని అడుగుతాను.

ఈ పనిలోకి రావాలనుకునే మన పిల్లలు మెసేజీలు పెడుతుంటారు. పాచి మీద ఆశ పెట్టుకోవద్దు, క్రోమటోగ్రాఫ్ నేర్చుకోండి అంటాను. కాలమ్ మార్చడం, లీకు పట్టుకోవడం, ఇంటర్నల్ స్టాండర్డ్ సరిగా వేయడం చేతిలో ఉంటే చేప నూనె ల్యాబు, ఆహార ల్యాబు, ఏదైనా రమ్మంటుంది. 2018 అక్టోబరులో కెనడాలో గంజాయి చట్టబద్ధమయ్యాక దాన్ని పరీక్షించే ల్యాబులూ పుట్టుకొచ్చాయి. నాకూ ఒకచోట నుంచి పిలుపొచ్చింది, జీతం ఇక్కడికన్నా ఎక్కువ. అక్కడా ఇదే గొడవట, గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ శాతం ఎక్కువ చూపించే ల్యాబుకే సరుకు వెళ్తుందట. వెళ్లలేదు. సగం కారణం అది. మిగతా సగం, పాచి అంటేనే అన్ని మాటలన్న అమ్మకి గంజాయి అని చెప్పే ధైర్యం లేక.