ముక్కు దిబ్బడేసి ఉండగా సముద్రంలో దిగొచ్చా?

రెండు నెలల ముందు కొన్న అండమాన్ టికెట్టు, సరిగ్గా బయల్దేరే వారంలో పట్టుకున్న పడిశం. చెన్నైలో ఈ రెండూ జంటగా రావడానికి కారణం కాలమే. అండమాన్‌లో నీళ్లు తేటపడి, గాలి సిలిండర్ తగిలించుకుని సముద్రం అడుగుకి దిగే ఆట, అదే స్కూబా, జోరందుకునేది నవంబరు నుంచి. ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఓఎంఆర్ రోడ్డు ఐటీ ఆఫీసుల్లో కిటికీ తెరవని ఏసీ హాళ్లు, ఒకరి తుమ్ము పదిమందికి. ఇంటికొస్తే దోమలు. అప్పుడు మొదలవుతుంది ఫ్యామిలీ గ్రూపులో ప్రశ్న: "కొంచెం జలుబే కదా, ఏం కాదుగా?"

ఏ ఆట అన్నదాన్ని బట్టి ఉంటుంది. జలుబుతో కయాక్‌లో తెడ్డేసుకోవచ్చు, అదే జలుబుతో స్కూబా కుదరదు. కడుపు పాడైతే చెవులకి ఢోకా లేదు గానీ పడవెక్కితే ప్రాణం మీదికొస్తుంది. జ్వరానికైతే దేనికీ మినహాయింపు లేదు. రోగాన్నీ ఆటనీ పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సిందే.

ముందు చెవులు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

కర్ణభేరి వెనక చిన్న గాలి గది ఉంటుంది. దాన్నుంచి ముక్కు వెనక్కి ఒక సన్నటి గొట్టం, యూస్టేషియన్ ట్యూబ్. గుటక వేసినా ఆవులించినా అది ఒక్క క్షణం తెరుచుకుంటుంది. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు పైకెక్కుతుంటే చెవిలో టప్పుమనేది అదే. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. 5 మీటర్లు దిగేసరికి ఆ గదిలో గాలి మూడింట రెండు వంతులకి, 10 మీటర్లకి సగానికి కుంచించుకుపోతుంది. ఆ లోటుని ముక్కు వైపు నుంచి గాలి పంపి మనమే పూడ్చాలి. పడిశంలో ఆ గొట్టం లోపలి పొర వాచి ఉంటుంది, గాలి పోదు. ఇంకో తిరకాసుంది. గాలి నింపకుండా సుమారు 1.2 మీటర్లు దిగిపోతే ఒత్తిడికి గొట్టం మూతి అతుక్కుపోతుంది, ఆ తర్వాత ఎంత గట్టిగా ఊదినా తెరుచుకోదు. "ముందు దిగుదాం, నొప్పేస్తే అప్పుడు ఊదుదాం" అనుకునేవాళ్ల చెవులే ఎక్కువ పోతాయి. నొప్పి మొదలయ్యేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది.

డైవ్ రోజు పొద్దున గదిలోనే ఒక పరీక్ష చేసుకోండి. నిటారుగా కూర్చుని, నోరు మూసి, ముక్కు రెండు వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా ఊదండి. బెలూన్ ఊదినంత బలం అక్కర్లేదు, బుగ్గలు కొంచెం పొంగితే చాలు. రెండు చెవులూ టప్పుమనాలి. తర్వాత ముక్కు పట్టుకునే గుటక వేయండి, మళ్లీ టప్పుమనాలి. ఒక్క చెవి మొరాయించినా ఆ రోజుకి స్కూబా లేనట్టే. రెండూ పలికితే నీళ్లలో కూడా పలుకుతాయని హామీ లేదు, కానీ నేల మీద పలకనిది నీళ్లలో పలకదన్నది మాత్రం ఖాయం.

చెవులు బాగున్నవాళ్లు దిగే పద్ధతి కూడా తెలుసుకోవాలి. మొదటిసారి దిగేవాళ్ల వెనక ఇన్‌స్ట్రక్టర్ సిలిండర్ పట్టుకుని ఉంటాడు. లోతు అతని చేతిలో ఉంటుంది, మీ చెవి మాత్రం మీ చేతిలోనే. తల నీళ్లలో మునగక ముందే ఒకసారి ఊదాలి. అక్కణ్నుంచి ప్రతి అర మీటరుకీ, మహా అయితే మీటరుకీ ఒకసారి, నొప్పి కోసం ఎదురుచూడకుండా. కాళ్లు కిందికి, తల పైకి ఉంచి దిగితే సులువు. తలకిందులుగా దిగితే ముక్కులో రక్తం చేరి పొర ఇంకా ఉబ్బుతుంది. చెవి బిగిస్తే అక్కడే ఆగి, ఒక మీటరు పైకి లేచి, మళ్లీ ప్రయత్నించాలి. రెండోసారీ కుదరకపోతే పైకి వచ్చేయడమే. దీనికి సైగ ఒకటుంది: అరచేతిని చదునుగా పెట్టి అటూ ఇటూ ఊపి, తర్వాత చెవి వైపు వేలు చూపించాలి. బొటనవేలు పైకెత్తడం మనకి "సూపర్". నీళ్లకింద దానర్థం "పైకి పోదాం". బాగానే ఉన్నామని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. సెల్ఫీ అలవాటులో బొటనవేలు ఎత్తి, ఐదు నిమిషాలకే పడవ దగ్గర తేలినవాళ్లు తక్కువేం కాదు.

ఇక మెడికల్ షాపు చిట్కా, ముక్కులో కొట్టుకునే స్ప్రే. ఆక్సీమెటాజొలిన్, జైలోమెటాజొలిన్ లాంటి చుక్కల మందులు వాపుని కాసేపు దించుతాయి, నిజమే. చిక్కంతా ఆ "కాసేపు"లోనే ఉంది. దిగేటప్పుడు తెరుచుకున్న గొట్టం, మందు బలం తగ్గాక, పైకి వచ్చేటప్పుడు మూసుకుంటుంది. అప్పుడు లోపల వ్యాకోచించే గాలికి దారుండదు. కిందికి దిగేటప్పుడు నొప్పేస్తే పైకి లేవొచ్చు. పైకి లేచేటప్పుడు నొప్పేస్తే ఎక్కడికి పోతారు? సిలిండర్‌లో గాలి ఉన్నంతసేపే నీళ్లలో ఉండగలరు. పైగా ఈ స్ప్రేలు వరసగా మూడు రోజులు దాటి వాడితే ముక్కు మరింత దిబ్బడేస్తుంది. చెవిలో ప్లగ్గులు పెట్టుకుని స్కూబాకి దిగడం ఇంకా పెద్ద పొరపాటు. ప్లగ్గుకీ కర్ణభేరికీ మధ్య గాలి ఇరుక్కుని, ఒత్తిడికి ప్లగ్గు లోపలికి దూసుకుపోతుంది.

సైనస్‌లదీ ఇదే కథ. నుదుట్లోనో బుగ్గ ఎముక దగ్గరో సూది గుచ్చినట్టు నొప్పి, పైకొచ్చాక మాస్కులో రక్తపు చారిక. చూడ్డానికి భయంగా ఉన్నా ఆ చారిక కొద్దిగా ఉంటే అదే తగ్గిపోతుంది. కానీ ఆ ట్రిప్పులో మళ్లీ దిగకూడదు. చెవి దిమ్మెక్కినట్టుండటం, మాటలు దూరం నుంచి వినిపిస్తున్నట్టుండటం, కళ్లు తిరగడం ఉంటే నూనె చుక్కలు వేయకండి, గట్టిగా చీదకండి, తల స్నానంలో చెవి తడపకండి. ఈఎన్‌టీ డాక్టరు లోపలికి చూసేదాకా అంతే.

"మాది స్కూబా కాదు, సీ వాక్" అని ధీమాగా ఉండేవాళ్లకి ఒక మాట. తలకి పెద్ద గాజు హెల్మెట్ తగిలించి నడిపించేది కూడా నాలుగైదు మీటర్ల లోతులోనే. జుట్టు తడవదేమో గానీ ఒత్తిడి లెక్క అదే. హెల్మెట్ అడుగు తెరిచే ఉంటుంది కాబట్టి కింద నుంచి చెయ్యి పెట్టి ముక్కు పట్టుకోవచ్చు. ఆ పని ఎలా చేయాలో మెట్ల మీద ఉండగానే అడిగి తెలుసుకోండి.

గొంతు దిగి ఛాతీలోకి చేరిన జలుబు, కఫంతో దగ్గు ఉంటే విషయం ఇంకా గట్టిది. సిలిండర్ గాలి పొడిగా ఉండి దగ్గుని రేపుతుంది. కఫం ఒక చిన్న వాయునాళాన్ని మూసేస్తే దాని వెనక గాలి చిక్కుకుంటుంది. 10 మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి ఆ గాలి రెండింతలవుతుంది. నిండా ఊపిరి బిగబట్టి మీటరున్నర లోతు నుంచి లేచినా ఊపిరితిత్తికి గాయమయ్యే ప్రమాదముంది. స్కూబాలో మొదటి సూత్రం ఊపిరి ఆపకపోవడం. దగ్గు తెర వచ్చినవాడికి అది చేతకాదు. ఇన్‌హేలర్ వాడే ఆస్తమావాళ్లు చెన్నైలోనే తమ డాక్టరు చేత కాగితం రాయించుకుని బయల్దేరడం మంచిది. అక్కడ డైవ్ షాపులో ఇచ్చే ఆరోగ్య పత్రంలో మామూలుగా పది ప్రశ్నలుంటాయి. ఊపిరితిత్తులు, గుండె, చెవులు, సైనస్, వాడుతున్న మందులు అన్నీ అడుగుతారు. క్యూలో నిలబడి పదింటికీ "నో" టిక్కు కొట్టడం మనవాళ్లకి అలవాటు. ఈ పూట పట్టిన జలుబుని మాత్రం ఆ పత్రం అడక్కపోవచ్చు, మీరే చెప్పాలి. వెట్‌సూట్ వేసుకోకముందు చెబితే రోజు మార్చడం తేలిక. పడవ కదిలాక చెబితే డబ్బు గురించి వాదనే మిగులుతుంది.

కడుపు సంగతికొద్దాం. నీళ్ల విరేచనాలవుతుంటే ఏ నీళ్లలోనూ దిగకూడదు, హోటల్ పూల్‌లో అసలే వద్దు. అది పక్కవాళ్ల కోసం. మీ కోసమైతే ఓఆర్‌ఎస్. లీటరు ప్యాకెట్టుని లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కలిపితే వాంతి తిరగబెడుతుంది. ప్యాకెట్టు లేకపోతే లీటరు మంచినీళ్లకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా తలకట్టుగా. బీచ్‌లో ఎళనీరు, అంటే లేత కొబ్బరినీళ్లు, ఎంత తాగినా మంచిదే గానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. విరేచనాల్లో పోయిన ఉప్పుకి అది చాలదు. మూత్రం లేత పసుపుకి వచ్చేదాకా ఎండలో ఆటలు వద్దు. ఒంట్లో నీళ్లు తగ్గినవాడికి సముద్రం మధ్యలో పిక్కలు పట్టేస్తాయి.

పడవ తిప్పుడికి అవోమిన్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లు బయల్దేరే గంట ముందు వేసుకోవాలి. కళ్లు తిరగడం మొదలయ్యాక వేస్తే అది కడుపులో నిలవదు. దానికి నిద్రమత్తు ఉంటుంది, కాబట్టి మొదటిసారి ఇంట్లో ఒక ఆదివారం వేసుకుని చూసుకోండి, మత్తెక్కే మనిషైతే అది వేసుకుని స్కూబాకి దిగకూడదు. రెండు గంటల ముందు రెండిడ్లీలు చాలు. నెయ్యోడే పొంగలూ వడా వద్దు, ఖాళీ కడుపూ వద్దు. పడవ నడిమధ్య కూర్చుని, డీజిల్ పొగకి దూరంగా, ఫోను జేబులో పెట్టి, ఆకాశం సముద్రం కలిసే గీత మీద చూపు నిలపాలి. నీళ్లకింద ఉండగా వాంతి వస్తే, సిలిండర్ గాలిని నోటికందించే రెగ్యులేటర్‌ని నోట్లోంచి తీయొద్దు. చేత్తో అదిమిపట్టి అందులోనే కక్కి, ముందున్న బటన్ నొక్కితే అంతా బయటికి పోతుంది. వినడానికి అసహ్యంగా ఉన్నా కారణముంది: వాంతి అవగానే శరీరం తనకు తానే ఊపిరి లోపలికి లాగుతుంది. ఆ క్షణంలో నోట్లో ఉండాల్సింది గాలి, ఉప్పునీళ్లు కాదు.

జ్వరానికి ఒక్కటే నియమం. మాత్ర వేయకుండా 24 గంటలు ఒళ్లు చల్లగా ఉండాలి. డోలో 650, అంటే పారాసిటమాల్, వేసుకుని థర్మామీటర్‌లో 98 చూపించుకోవడం లెక్కలోకి రాదు. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ ఎలాగూ ఉంటుంది, నిద్రపుచ్చే క్లోర్‌ఫెనిరమిన్ కూడా. వాటి మీద మళ్లీ డోలో వేస్తే మోతాదు తెలియకుండానే రెట్టింపవుతుంది. డెంగీ సంగతి వేరేగా చెప్పాలి. దోమ కుట్టిన 4 నుంచి 10 రోజులకి జ్వరం బయటపడుతుంది. చెన్నై వేళచ్చేరిలో కుట్టిన దోమ అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో మూడో రోజు పలుకుతుందన్నమాట. జ్వరం దిగిపోయే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యే అసలు గండం. "హమ్మయ్య, తగ్గింది" అని జెట్ స్కీ ఎక్కే రోజు సరిగ్గా అదే అవుతుంది. వదలని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, మత్తుగా పడిపోవడం ఉంటే ఆటలు పక్కన పెట్టి ఆస్పత్రికి పోవాలి. ఒళ్లు నొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ మింగొద్దు, రక్తస్రావం పెరుగుతుంది.

మిగతా ఆటలు తొందరగా. బనానా బోట్‌ని చివర్లో కావాలనే తిప్పేస్తారు. పక్కకి పడితే నీళ్లు చెవి మీద చెంపదెబ్బలా తగులుతాయి. ఎక్కకముందే "తిప్పొద్దు" అని గట్టిగా చెప్పండి. పారాసెయిలింగ్‌లో జలుబుకి ఇబ్బంది తక్కువ, కళ్లు తిరిగేవాళ్లకి ఎక్కువ. స్నార్కెలింగ్ ముక్కు దిబ్బడకి పర్వాలేదు, ఊపిరి నోటితోనే కాబట్టి. పైన తేలుతూ చూడాలి తప్ప కిందికి మునగకూడదు. కోవళంలో సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లకి, కేరళది కాదు, చెన్నై ఈసీఆర్ రోడ్డు మీది మన కోవళం, అల ముక్కులోకి కొట్టిన నీళ్లు సైనస్‌లో చేరి, సాయంత్రం చెప్పు కోసం వంగినప్పుడు ధారగా కారతాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది నవ్వులాట, సైనస్ వాచి ఉన్నప్పుడు వారం రోజుల తలనొప్పి. అలాంటి వారానికి ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో పడవ చాలు. మెరీనాలో స్నానానికే పోలీసులు ఒప్పుకోరు, దాని ఊసెందుకు.

రోజులు సర్దుకునేటప్పుడు స్కూబాని మొదటి రోజుకీ చివరి రోజుకీ పెట్టకండి. విమానంలో మొండికేసిన చెవికి ఒకరోజు విశ్రాంతి కావాలి, అందుకు మొదటి రోజు వద్దు. చివరి రోజు వద్దనడానికి కారణం లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్, విమానంలో పీడనం తగ్గితే అది బుడగలు కడుతుంది. ఒక్క డైవ్ చేస్తే విమానానికి ముందు కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు ఆగాలి. ఆ రోజుల్లో కీళ్ల నొప్పి, తిమ్మిరి, ఒంటి మీద మచ్చలు కనిపిస్తే డోలోతో సరిపెట్టకుండా డైవ్ షాపుకి ఫోన్ చేసి ఆక్సిజన్ అడగండి. తిరుగు విమానం చెన్నైకి రెండుంపావు గంటలు. ముక్కు ఇంకా దిబ్బడగానే ఉంటే, దిగడం మొదలవడానికి అరగంట ముందు ఆ స్ప్రే కొట్టుకోవడం ఇక్కడ తప్పు కాదు. కిటికీలోంచి తీరం కనిపించే వేళకి నిద్రలో ఉండకండి, గుటకలు వేస్తూ ఉండండి.