మాయా బేలో మోకాలి లోతు

"అమ్మా, ఇంక ముందుకెళ్లకు" అని నేను అనేలోపే గార్డు విజిల్ ఊదేశాడు. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో అలాగే ఆగిపోయింది.

థాయ్‌లాండ్‌లో ఒక చిన్న దీవి మీదున్న ఈ మాయా బే బీచ్‌లో ఈత కొట్టనివ్వరు. పడవల్ని కూడా దీవికి వెనకవైపే ఆపేస్తారు, అక్కడి నుంచి నడిచి రావాలి. జనం తాకిడికి పగడాలు పాడైపోయాయని 2018లో మూసేసి, 2022లో మళ్లీ తెరిచారు.

మా వాడికేమో కోపం. క్రాబీ దాకా వచ్చి ఈత లేదా అని పొద్దుట్నుంచీ ఒకటే గొడవ. అప్పుడే అమ్మ చాలా నెమ్మదిగా, "ఒరేయ్ నాన్నా, ఇటు చూడు" అంది.

ఆవిడ పాదాలకు నాలుగడుగుల దూరంలో ఒక సొరచేప పిల్ల. వీపు మీది రెక్క కొసన కాటుక దిద్దినట్టు నల్లగా ఉంది. వాడు ఊపిరి బిగబట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అది మమ్మల్ని పట్టించుకోకుండా ఒడ్డు వెంబడే తాపీగా వెళ్లిపోయింది.

బీచ్ మూసేశాకే ఇవి మళ్లీ రావడం మొదలైందని గైడ్ చెప్పాడు. ఇప్పటికీ ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో మూసేస్తారట.

"మన బందరులో చేపల వేట ఆపినట్టే కదా" అంది అమ్మ. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు పడవలన్నీ ఒడ్డునే ఉండటం చూస్తూ పెరిగిన మనిషి. నాకు ఆ పోలిక తట్టనే లేదు.

ఇప్పుడు క్రాబీలోని ఆవో నాంగ్‌లో రూముకొచ్చాం. అమ్మ చీర బాల్కనీలో ఆరుతోంది, అంచు నిండా ఇసుక. "అమ్మమ్మా, రేపు కూడా ఊరికే నిలబడటానికి వెళ్దామా?" అని అడుగుతున్నాడు వాడు.