మోటుపల్లికి సముద్రం మీంచి వెళ్లాలంటే

రేవు కట్ట, కోటగోడ, పాత గిడ్డంగులు ఉంటాయనుకుని మోటుపల్లి వచ్చేవాళ్లకు నిరాశే. ఒకప్పుడు ఓడలు ఆగిన చోట ఇప్పుడు కనిపించేది ఇసుక, సరుగుడు చెట్లు, అలలు. చినగంజాం స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే గుడి వరకూ వెళ్లొచ్చు. కానీ ఓడ వ్యాపారుల కోసం కాకతీయ రాజు గణపతిదేవుడు వేయించిన ఇక్కడి శాసనం అర్థం కావాలంటే ఒక్కసారైనా నీళ్ల వైపు నుంచి రావాలి. 2022 దాకా ఇది మన ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్లలో కలిసింది.

జనవరి నుంచి మార్చి వరకు మంచి కాలం. అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండాల భయం, ఆ నెలల్లో వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మరబోట్లు దొరకవు. చీరాల దగ్గరి ఓడరేవు ఊరి వైపు నుంచి ఫైబర్ బోటు మాట్లాడుకుంటే తెల్లవారకముందే బయల్దేరాలి. అప్పుడు గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, నీళ్లు చదునుగా ఉంటాయి. ఎండెక్కాక గాలి తిరగబడి అల లేస్తుంది. మనిషికో లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. కోస్ట్ గార్డ్ నంబరు 1554 ఫోన్‌లో వేసుకోండి.

అసలు కష్టం ఒడ్డు చేరేటప్పుడే. తీరానికి సమాంతరంగా నీళ్లకింద ఇసుక మెరకలు ఉంటాయి. ప్రతి మెరక మీదా అల విరుగుతుంది. సరంగు, అంటే బోటు నడిపేవాడు, చివరి మెరకకు బయటే బోటు ఆపి అలల వరస చూస్తాడు. పెద్దవి నాలుగైదు కలిసి వస్తాయి, తర్వాత కాసేపు తెరిపి. ఆ తెరిపిలో ఒక అల వెనకే, దాని వీపు మీద, లోపలికి రావాలి. తొందరపడి అల ముందు పరిగెత్తితే వెనక భాగం లేచి ముక్కు ఇసుకలో దిగుతుంది, బోటు అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. మోకాలి లోతుకు రాకముందే ఇంజన్ పైకెత్తాలి. లేకపోతే ఫ్యాన్ ఇసుకకు తగిలి పిన్ను విరుగుతుంది. ఇసుక నీళ్లు పీల్చితే చల్లబరిచే పంపు అరిగి ఇంజన్ వేడెక్కుతుంది. దిగేవాళ్లు బోటుకీ ఒడ్డుకీ మధ్యకు మాత్రం దిగొద్దు, వెనక నుంచి అల తోస్తే బోటు మీదికొస్తుంది.

ఒకప్పుడు ఈ తీరంలో అలలు దాటిన మసూలా పడవల కిటుకు కూడా ఇక్కడే ఉంది. పలకలకు మేకులు కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. నేలకు తగిలినా కట్టు సాగుతుందే గాని పగలదు. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకు చిన్న పడవల్లో ఒడ్డుకు చేరేది. చాటు లేని తీరం, తుఫాను వస్తే లంగరు తెగి ఓడ ఒడ్డెక్కాల్సిందే. అలా కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అంతకుముందు రాజులు బలవంతంగా లాక్కునేవారు.

కాకతి గణపతిదేవుడి అభయ శాసనం (1244-45) ఆపింది దీన్నే. నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని ఓడ వ్యాపారులకు మాటిచ్చాడు. ఎగుమతి, దిగుమతి సరుకులకు ముప్పై వంతుల్లో ఒకటి. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడం, రాగి, మిరియాలు వంటి వాటికి విడివిడిగా రేట్లు రాశాడు. ఒక రకంగా ఇది కస్టమ్స్ రేట్ల పలక! తర్వాత వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అన్నాడు, సాలెగూడంత సన్నని బట్టల గురించి రాశాడు. గద్దలు మాంసంతో పాటు వజ్రాలు తెస్తాయన్న కథ కూడా అతను రాశాడు, దాన్ని కథగానే ఉంచుదాం. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా ఇక్కడి వ్యాపారులకు రాయితీలిస్తూ శాసనం వేయించాడు.

గణపతిదేవుడి శాసనం వీరభద్రస్వామి గుడి దగ్గరి స్తంభం మీద ఉంది. అక్షరాలు అరిగాయి. చాలామంది సుద్ద రుద్దుతారు, దాంతో రాయి పాడవుతుంది. టార్చి పక్కవాటంగా పట్టుకోండి, గీతల్లో నీడ పడి అక్షరం లేస్తుంది. ప్రచురితమైన పాఠం ప్రింటు తీసుకెళ్తే పంక్తి పట్టుకోవడం తేలిక.

తిరుగు ప్రయాణానికి పదికల్లా బోటు దగ్గర ఉండండి. అప్పటికే గాలి తిరిగితే సరంగు వద్దంటాడు, వాదించకండి. బోటు వదిలేసి చినగంజాం స్టేషన్‌కు ఆటో మాట్లాడుకోండి.