చిలక కాయలు, ఏట్రింత పోటు

పదకొండు దాటింది. వేలికి గుడ్డ చుట్టుకుని టైపు చేస్తున్నాను. పొడిచింది చిలకైనా బాగుండేది, కసితీరా తిట్టుకునేదాన్ని.

చిలకల బాధ పడలేక జామచెట్లకి వల కట్టించాను. చెట్ల కింద పొద్దున్నే అడుగు వెయ్యలేకపోతున్నాం మరి. తింటే తిననీ, చిలక కడుపెంత? అది తినదే! పచ్చికాయ కొరికి, గింజల దాకా తవ్వి, నచ్చక కింద పడేసి పక్క కాయ మీదకి పోతుంది. ఆ సగం కాయలకి చీమలూ ఈగలూ. చిలక కొట్టిన కాయ తీపి అన్నవాళ్లకి తోట లేదేమో. మెరుపు రిబ్బన్లు కడితే నాలుగు రోజులు భయపడ్డాయి. ఐదో రోజు రిబ్బను పక్కనే కూర్చుని కొరికాయి.

భోజనాల దగ్గర బాబిగాడి క్లాసు. 1958లో చైనావాళ్లు, గింజలు తినేస్తున్నాయని పిచ్చుకల్ని డబ్బాలు వాయించి వాలనివ్వకుండా, అలిసి రాలిపోయేదాకా తరిమారట. పిచ్చుక తన పిల్లలకి పెట్టేది పురుగుల్నే. అవి పోయాక మిడతలు పేట్రేగాయి. 1960లో చంపాల్సిన జాబితాలోంచి పిచ్చుకని తీసి నల్లిని చేర్చారట. "పురుగు తినేది పిచ్చుక, నా కాయ కొరికేది చిలక. దాని పుణ్యం దీని ఖాతాలో వెయ్యమంటావా?" అన్నాను. గెలిచాననే అనుకున్నా.

తాతయ్యా ఇలాగే అనేవాడేమో. జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో మమ్మల్ని మంచె ఎక్కించేవాడు. ఒడిసెల నాకు తిప్పడం రాదు, రాయి వెనక్కి పోయేది. అందుకని నాకు డబ్బా ఇచ్చారు. వాయిస్తే పిట్టలు లేచి, ఒక చుట్టు తిరిగి, చేను అవతలి చివర వాలేవి. గొంతు పోయేది. అదే మనిషి పక్క శనగచేలో ఏట్రింతలు, అంటే తోక చీలిన ఆ నల్లపిట్టలు, కూర్చోవడానికని అడ్డకర్రలు పాతేవాడు! అవి పైనుంచి దూకి పచ్చపురుగుల్ని ఏరుకునేవి. ఇక్కడ తోలడమేంటి, అక్కడ పీట వెయ్యడమేంటని అప్పట్లో నవ్వుకున్నాం. ఆయనకి ఏ పిట్ట దేనికొచ్చిందో తెలుసు.

నా వలకి తెలీదు. చెయ్యి కడుక్కుని టార్చి వేస్తే అందులో చిక్కుకున్నది ఏట్రింత. కాళ్లకీ రెక్కకీ దారం. కత్తెరతో కోస్తుంటే వేలు చీల్చి, చీకట్లోనే ఎటో ఎగిరింది. చిలక ఒక్కటీ పడలేదు.

రేపు వల తీయించేస్తా. అలాగని చిలకల్ని క్షమించానని కాదు. కాయకాయకీ సంచి తొడగాలి, అంతే. తొడిగేది బాబిగాడు. వాడికింకా చెప్పలేదు.