బాతు కోసం మూడు నెలలు

పాప పడుకున్నాక, రాత్రి పదిన్నరకు ఫోన్ పట్టుకుని పాత కార్ల ప్రకటనలు చూడటం ఎప్పుడు అలవాటైందో గుర్తులేదు. మేముండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ పక్కన. ఊరంతా మెర్సిడెస్‌లు, పోర్షెలు. నేను మాత్రం ఇజెట్టాలు చూస్తూ కూర్చునేవాణ్ణి. బీఎండబ్ల్యూ వాళ్లు 1955 నుంచి 1962 దాకా చేసిన బుల్లి కారది. తలుపు ముందువైపు ఉంటుంది. ఫ్రిజ్ తెరిచినట్టు తెరిచి ఎక్కాలి, తలుపుతో పాటు స్టీరింగూ బయటికి వస్తుంది.

అక్కణ్నుంచి ఇక ఆగలేదు. తూర్పు జర్మనీ ట్రాబాంట్ ఒళ్లు పత్తి పీచు, రెజిన్ కలిపి అచ్చుపోసింది. పాత చేతక్ స్కూటర్‌లా పెట్రోల్‌లో ఆయిల్ కలపాలి. చాలావాటికి పెట్రోల్ ముల్లు కూడా ఉండదు, ట్యాంకులో పుల్ల ముంచి చూసుకోవడమే. హాలండ్ వాళ్ల డాఫ్‌లో గేర్లకు బదులు రబ్బరు బెల్టులు. అందుకే ముందుకెంత వేగంగా పోతుందో వెనక్కీ అంతే వేగంగా పోగలదు. అరవైల నాటి ఆంఫికార్ అయితే నేరుగా చెరువులోకి దిగుతుంది. దాని ధర చూశాక నాకే చెరువులో దిగాలనిపించింది.

"ఇంకా సంబంధాలు చూస్తూనే ఉన్నావా?" అనేది మా ఆవిడ. ఆ మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది. ఫొటోలో చూపించని వైపే అసలు సంగతి ఉంటుంది.

నా మనసు నిజానికి సిట్రోయెన్ డీఎస్ మీద. 1955 పారిస్ మోటార్ షోలో మొదటి రోజే 12,000 ఆర్డర్లు వచ్చిన కారు. స్టార్ట్ చేయగానే ఒంటె లేచినట్టు మెల్లగా పైకి లేస్తుంది. మంచి స్థితిలో ఉన్నది కొనాలంటే నా సేవింగ్స్ అన్నీ ఊడ్చినా చాలవు. దాంతో అదే కంపెనీ 2సీవీకి దిగాను. జర్మన్లు దీన్ని 'ఎంటె' అంటారు, అంటే బాతు. 602 సీసీ, రెండు సిలిండర్లు, 29 హార్స్‌పవర్. రేడియేటర్ లేదు, గాలే చల్లబరచాలి. దున్నిన పొలంలో గుడ్ల బుట్ట పెట్టుకుని పోయినా ఒక్క గుడ్డూ పగలకూడదన్నది దీన్ని తయారుచేసేటప్పుడు పెట్టుకున్న షరతు. 1948లో జనానికి చూపించారు, 1990 దాకా తయారుచేశారు.

ప్రకటనల భాష నేర్చుకోవడానికి నెల పట్టింది. 'పాటీనా ఉంది' అంటే రంగు పోయింది. 'పనులు చేసుకునేవారికి' అంటే కారు కదలదు. 'గడ్డివాములో దొరికింది' అంటే ఎలుకలు కాపురం చేశాయి, పైగా దానికి ఎక్కువ డబ్బులు. ధర పక్కన 'వీబీ' అని ఉంటే బేరానికి ఒప్పుకుంటారన్నమాట. ఆ ఒక్క ముక్కా మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మొదట చూడటానికి వెళ్లింది 2సీవీలోనే చార్ల్‌స్టన్ అనే మోడల్. మెరూన్, నలుపు రంగులు, పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. దగ్గరున్న ప్రతి పైసా అక్కడే పెట్టేసేవాణ్ణి, ముందురోజు నాన్న ఫోన్‌లో ఆ మాట అనకపోతే. తెనాలిలో నాన్న ఇరవై ఏళ్లు ప్రీమియర్ పద్మిని నడిపారు, ఊళ్లో అందరిలాగే దాన్ని ఫియట్ అనే అంటారు. "ఒరేయ్, రంగు చూడకు. కింద పడుకుని చూడు" అన్నారు.

పడుకున్నాను. 2సీవీ అంతా ఒక చట్రం మీద బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ చట్రం లోపల బోలు. తేమ చేరితే తుప్పు లోపల్నుంచి తినుకుంటూ వస్తుంది, బయట నల్లరంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇంటి నుంచి చార్మినార్ బొమ్మున్న ఫ్రిజ్ మాగ్నెట్ తీసుకెళ్లాను. తలుపు కింది అంచు వెంట జరుపుతూ పోతే రెండుచోట్ల అంటుకోకుండా జారిపడింది. అంటే అక్కడున్నది ఇనుము కాదు, పుట్టీ. చట్రాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తడితే ఒకవైపు ఠంగుమంది, రెండోవైపు తడిసిన అట్టపెట్టెలా దబ్‌మంది. అమ్మే ఆయన పైనుంచి "పాత కారండీ, ఇవన్నీ మామూలే" అంటున్నాడు. థ్యాంక్స్ చెప్పి వచ్చేశాను.

రెండోదానికి చట్రం బాగానే ఉంది, బ్రేక్ ఆయిల్ దగ్గర పోయింది. 1981లో ముందు డిస్క్ బ్రేకులు వచ్చాక 2సీవీలో మామూలు బ్రేక్ ఆయిల్ పోయకూడదు. ఎల్‌హెచ్ఎమ్ అనే ఆకుపచ్చ మినరల్ ఆయిలే పోయాలి. తప్పుది పోస్తే రబ్బరు సీళ్లన్నీ పాడవుతాయి. డబ్బా మూత తీసి చూస్తే లోపల లేత పసుపు. అడిగితే "పెట్రోల్ బంకులో మంచి కంపెనీదే కొన్నాను" అన్నాడు గర్వంగా. నాకు జాలేసింది, కారు మీద.

మూడోది 1986 నాటిది, పాలిపోయిన లేత గోధుమ రంగు. ప్రకటనలో ఫొటోలు కూడా మసకగా ఉండటంతో నేనే రెండు వారాలు దాటేశాను. యజమాని రిటైరైన స్కూలు మాస్టారు. అడగకముందే ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. జింకు పూసిన కొత్త చట్రం వేయించిన బిల్లు అందులో ఉంది. పడుకున్నాను, తట్టాను, మాగ్నెట్ ఎక్కడా జారలేదు. ఆయిల్ ఆకుపచ్చ.

నడిపి చూడమన్నాడు. గేరు గొడుగు పిడిలా డాష్‌బోర్డులోంచి బయటికి ఉంటుంది. ఎడమకు తిప్పి లాగితే ఫస్ట్, మధ్యకు తెచ్చి తోస్తే సెకండ్, అక్కడే లాగితే థర్డ్, కుడికి తిప్పి తోస్తే ఫోర్త్. మూడుసార్లు థర్డ్ బదులు ఫస్ట్ కోసం వెతికాను. మలుపులో కారు ఒరిగిన తీరుకు ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నాను. మాస్టారు మాత్రం పక్క సీట్లో చేతులు కట్టుకుని, "ఒరుగుతుందంతే, పడదు" అన్నాడు.

అడిగింది 9,500 యూరోలు. టైరు మీద అచ్చయిన చివరి నాలుగు అంకెలు చూపించాను: 1409. అంటే 2009లో పద్నాలుగో వారంలో తయారైనవి. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. 8,800కి తెగింది.

మిగతాది కాగితాల పని. ఐదు రోజుల తాత్కాలిక నంబరుతో ఇంటికి తెచ్చాను. 30 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కారుకు జర్మనీలో నంబరు చివర 'హెచ్' ఇస్తారు. దానికి ఇంజినీరు తనిఖీ చేసి సర్టిఫికెట్ రాయాలి. ఇంత చిన్న ఇంజిన్‌కు పన్నులో కలిసొచ్చేదేమీ లేదు, కానీ ఆ అక్షరం ఉంటే కాలుష్య నియంత్రణ జోన్లలోకి స్టిక్కర్ లేకుండా వెళ్లొచ్చు. మాకు అదే ముఖ్యం. రిజిస్ట్రేషన్ ఆఫీసులో టోకెన్ తీసుకుని కూర్చుంటే తెనాలి ఆర్టీవో ఆఫీసు గుర్తొచ్చింది, కుర్చీలు తప్ప.

ఆ సాయంత్రం నాన్నకు వీడియో కాల్ చేసి కారు చుట్టూ తిప్పి చూపించాను. అమ్మ "కళ్లు కప్పకళ్లలా ఉన్నాయి" అంది. పాప వెనక సీటు మీద గెంతుతోంది. నాన్న అవేవీ పట్టించుకోలేదు. "ఫోన్ కింద పెట్టు, చట్రం చూడాలి" అన్నారు. పెట్టాను. పది నిమిషాలపాటు "ఇంకొంచెం ఎడమకు, లైటు వెయ్యి, అదేంటది?" అంటూ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశారు. తర్వాత ఆయిల్ పుల్ల తీసి చూపించమన్నారు.