ఊరు చిన్నదైతే ఆన్‌లైన్లో ఏమీ దొరకదు

మా ఫ్రెండ్ తమ్ముణ్ణి పశ్చిమ టెక్సాస్‌లో ఓ చిన్న కౌంటీలో (మన జిల్లా లాంటిది) తాగి కారు నడిపాడని అరెస్ట్ చేశారు, బెయిల్ మీద బయటికొచ్చాడు గానీ కోర్టు తేదీ ఎప్పుడురా అంటే నోరు విప్పడు. డాలస్‌లో అయితే పేరు కొడితే కేసు కనపడుతుంది, అక్కడి కౌంటీ సైట్లో ఫోన్ నంబర్ తప్ప ఏమీ లేదు. గూగుల్ చేస్తే వచ్చేవన్నీ డబ్బులడిగే ప్రైవేటు సైట్లే, వాటి జోలికి పోకండి.

అరెస్ట్ సంగతి షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) ఆఫీసులో ఉంటుంది. కేసు సంగతి వేరే: ఫెలనీ (పెద్ద నేరం) అయితే రికార్డులు చూసే డిస్ట్రిక్ట్ క్లర్క్, మొదటిసారి డీడబ్ల్యూఐ (తాగి నడపడం) లాంటి మిస్‌డిమీనర్ (చిన్న నేరం) అయితే కౌంటీ క్లర్క్, మామూలు ట్రాఫిక్ టికెట్లు జస్టిస్ ఆఫ్ ద పీస్ (చిన్న కేసులు చూసే స్థానిక జడ్జి) దగ్గర. జనాభా 8,000 లోపు ఉన్న కౌంటీల్లో ఆ రెండు క్లర్క్ పదవులూ ఒక్కరికే ఉండొచ్చు, ఇక్కడా అంతే. ఫోన్ చేసి పేరు, పుట్టిన తేదీ చెబితే ఆ క్లర్క్ ఆవిడ ఓపిగ్గా వెతికి కేసు నంబర్, తేదీ ఇచ్చింది (మన దగ్గర ఇలా ఫోన్లో చెబుతారా!).

ఇంకోటి, అరెస్ట్ అంటే శిక్ష పడినట్టు కాదు. కానీ కేసు కొట్టేసినా ఆ అరెస్ట్ రికార్డు దానంతటదే పోదు, అర్హత ఉంటే ఎక్స్‌పంక్షన్‌కి, అంటే ఆ రికార్డు చెరిపేయమని, కోర్టులో పిటిషన్ వేసుకోవాలి. వాడు వీసా మీద ఉన్నాడు కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్‌తో కూడా మాట్లాడమన్నాం.