స్టార్‌డ్యూ వ్యాలీలో పెనీ: స్ప్రింగ్ 1 నుంచి ఫాల్ 2 దాకా పాయింట్ల లెక్క

ఎరిక్ బరోన్ ఒక్కడే కూర్చుని తయారుచేసి 2016లో విడుదల చేసిన ఈ పల్లెటూరి వ్యవసాయం వీడియో గేమ్‌లో పెళ్లాడదగిన వాళ్లు 12 మంది. ఈ లాగ్ పెనీ ఒక్కదాని గురించే. స్ప్రింగ్, సమ్మర్, ఫాల్, వింటర్ అనే ఋతువులే ఈ ఆటలో నెలలు. హార్ట్ అంటే ఆమెతో స్నేహం ఎంత పెరిగిందో చూపే గుర్తు. ఒక్కో హార్ట్‌కి 250 పాయింట్లు. రోజూ ఒకసారి పలకరిస్తే 20 వస్తాయి, పలకరించకపోతే 2 పోతాయి. అంటే ఒక రోజు ఎగ్గొడితే తేడా 22. వారానికి రెండు గిఫ్ట్‌లే ఇవ్వొచ్చు. బాగా ఇష్టమైనదానికి 80, ఓ మాదిరిగా నచ్చేదానికి 45. రెండూ ఇచ్చిన వారానికి అదనంగా 10. గిఫ్ట్‌ల వారం ఆదివారం నుంచి లెక్క.

స్ప్రింగ్ 1–23

చేతిలో డబ్బుండదు కాబట్టి దారిలో ఏరుకున్న డాండెలైన్ పూలు, లీకులే (ఉల్లికాడల్లాంటివి) గిఫ్ట్‌లు. రెండూ ఆమెకి నచ్చుతాయి, 45 చొప్పున. మంగళ, బుధ, శుక్రవారాల్లో పగలు ఆమె మ్యూజియంలో ఊరి పిల్లలు విన్సెంట్‌కి, జాస్‌కి పాఠాలు చెబుతూ ఉంటుంది. ఊరంతా వెతకక్కర్లేదు.

23 రోజులూ తప్పకుండా పలకరిస్తే 460. నాలుగు వారాల గిఫ్ట్‌లు ఎనిమిది, 360. పూర్తయిన మూడు వారాలకి 30. మొత్తం 850. 24న జరిగే ఫ్లవర్ డ్యాన్స్ పండగలో పెనీ మనతో ఆడాలంటే 4 హార్ట్‌లు, అంటే 1000 ఉండాలి. ఆ 150 లోటు పూడ్చే దారి విత్తనాలమ్మే పియర్ కొట్టు బయట ఉన్న బోర్డు. అందులో పెనీ ఏదైనా వస్తువు కావాలని అడిగితే తెచ్చిచ్చినందుకు సరిగ్గా 150 వస్తాయి. అందుకే బోర్డు పొద్దున్నే చూడాలి. ఆ చీటీ రాకపోతే మైన్స్‌లో (గనుల్లో) దొరికే ఎమరాల్డ్‌లే గతి, అవి ఆమెకి బాగా ఇష్టం. లీక్ బదులు ఎమరాల్డ్ ఇచ్చిన ప్రతిసారీ 35 ఎక్కువ. డ్యాన్స్ ఆడితే ఒకేసారి 250 కాబట్టి ఈ తిప్పలు వృథా కావు.

2 హార్ట్‌ల సన్నివేశం

వాన లేని రోజు ఉదయం 9కి, మధ్యాహ్నం 2కి మధ్య ఊళ్లోకి అడుగుపెడితే మొదలవుతుంది. చక్రాల కుర్చీలో ఉన్న జార్జ్ తాతకి పోస్ట్ డబ్బా అందదు. పెనీ వెనకనుంచి వచ్చి కుర్చీని పక్కకి జరిపి ఉత్తరం తీసిస్తుంది. నేనే తీసుకోగలను అని ఆయన విసుక్కుంటాడు. అప్పుడు ఆమె మన వైపు చూస్తుంది.

మంచి పని చేశావనే జవాబే ఎంచుకోవాలి. అంత ముసలితనం నాకొద్దు అనే జవాబు పాయింట్లు తీసేస్తుంది. ముందు ఆయన్ని అడగాల్సిందన్న మాట న్యాయంగానే కనిపిస్తుంది కానీ, ఆమె అప్పటికే నొచ్చుకుని ఉంది. ఆ క్షణంలో ఆమెకి కావలసింది తీర్పు కాదు. పెనీ జవాబులన్నిటికీ తాళంచెవి ఇక్కడే ఉంది. ముసలివాళ్లు, పిల్లలు, పేదింటి మర్యాద: ఈ మూడింటినీ చిన్నచూపు చూసే మాట ఏదీ ఆమెకి పడదు. తర్వాతి సన్నివేశాల్లో పిల్లల గురించి అడిగినా, తను వండింది రుచి చూపించినా ఇదే ఆలోచనతో జవాబు ఎంచుకోవచ్చు. కూర ఎలా ఉన్నా బాగుందనే చెప్పాలి.

ఒక్కో సన్నివేశం ఒక్కసారే వస్తుంది. తప్పు నొక్కితే ఆ రోజు పడుకోకుండా ఆటలోంచి బయటికి వచ్చేయండి. నిద్రపోతేనే సేవ్ అవుతుంది కాబట్టి ఆ రోజు మళ్లీ మొదటినుంచి ఆడొచ్చు.

సమ్మర్ 1–15

డ్యాన్స్ కుదిరితే స్ప్రింగ్ ముగిసేసరికి సుమారు 1340. సమ్మర్ 1నే పియర్ దగ్గర పాపీ విత్తనాలు (100 గోల్డ్, 7 రోజులు), మెలన్ విత్తనాలు (80 గోల్డ్, 12 రోజులు) కొని నాటాలి. పాపీ అంటే మన గసగసాల మొక్కే. రెండూ పెనీకి ప్రాణం. పాపీలు 8న, మెలన్లు 13న కోతకొస్తాయి. మొదటి వారానికి స్ప్రింగ్‌లో దాచిన లీకులు వాడాలి. ఈ ఆటలో చెస్ట్ (పెట్టె)లో పెట్టింది ఏదీ పాడవదు. ఇలా సాగితే 13 రాత్రికి 1870. 14న ఒక పాపీ, 15న ఇంకొకటి ఇస్తే 2000 దాటి 8 హార్ట్‌లు నిండుతాయి.

వెంటనే పియర్ దగ్గర 200 గోల్డ్ పెట్టి బొకే (ప్రేమ తెలిపే పూలగుత్తి) కొని ఇవ్వాలి. చాలామంది ఇక్కడే నష్టపోతారు. బొకే ఇవ్వకపోతే 8 హార్ట్‌ల దగ్గరే గీత పడుతుంది, ఆ పైన ఎన్ని మెలన్లు మోసుకెళ్లినా లాభం లేదు.

ఫాల్ 2

పెనీ పుట్టినరోజు. మంగళవారం కాబట్టి మ్యూజియానికే వెళ్లాలి. పుట్టినరోజు గిఫ్ట్ విలువ 8 రెట్లు, వారానికి రెండనే లెక్కలోకి రాదు. మామూలు మెలన్‌కి 640, మేలురకం (గోల్డ్ స్టార్) మెలన్‌కి 1.25 రెట్లు కలిపి 800. మధ్యలో చాలా రోజులు తప్పినవాళ్లని కూడా ఇది ఒడ్డున పడేస్తుంది. అందుకే మంచి మెలన్ ఒకటి అమ్మకుండా దాచాలి.

పాయింట్లు పోయే చోట్లు

బీరు, వైన్, మీడ్, పేల్ ఏల్, హాప్స్, ద్రాక్ష. తల్లి పామ్ తాగుడు చూసిన పిల్లకి ఇవి అసహ్యం. ఒక్కోదానికి 40 పోతాయి, పుట్టినరోజున 320. రాబిట్స్ ఫుట్ (కుందేలు పాదం) ఊళ్లో దాదాపు అందరికీ ఇష్టమే, పెనీకి మాత్రం అసహ్యం. ఇది తెలియక ఇచ్చేవాళ్లు ఎక్కువ. ఆమె చూస్తుండగా చెత్తడబ్బా వెతికితే 25 పోతాయి, ఆ రోజు పలకరింపు కన్నా ఎక్కువ. పలకరించేటప్పుడు చేతిలో గొడ్డలో, నీళ్ల డబ్బానో ఉండాలి. పంట పట్టుకుని నొక్కితే అది గిఫ్ట్‌గా వెళ్లిపోతుంది.

10 హార్ట్‌ల తర్వాత

పెళ్లికి అడగాలంటే ఇవ్వాల్సిన మెర్మెయిడ్ పెండెంట్ ధర 5000 గోల్డ్. వాన రోజున బీచ్ తూర్పు వైపు ముసలి నావికుడు అమ్ముతాడు. అక్కడికి వెళ్లే వంతెన బాగుచేయడానికి 300 కలప కావాలి. ఇల్లు ఒకసారి పెంచి ఉండకపోతే (వడ్రంగి రాబిన్ దగ్గర 10,000 గోల్డ్, 450 కలప) ఆయన అమ్మడు. వింటర్‌లో వాన పడదు, కాబట్టి ఫాల్ వానల్లోనే పని కానిచ్చుకోవాలి. అడిగిన 3 రోజులకి పెళ్లి.